ఊపిరితిత్తుల కాన్సరు: ముందుగా పరీక్ష ఎవరికి అవసరము?

ప్రత్తికాయలో గులాబిరంగు పురుగు దాగియున్నను కాయ పైకి బాగుగనే కనిపించును. ఊపిరితిత్తుల కాన్సరు అట్టిదే. దగ్గులో నెత్తురు పడునప్పటికి తరచు ముదిరియుండును.

చిరకాలము చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చినవారికి ప్రమాదము హెచ్చు. అమెరికాలో 55-74 ఏండ్ల వయసుగల, అట్లు సిగరెట్లు కాల్చిన సుమారు 53 వేలమందిని పరీక్షించిరి. ఏటేట తక్కువ మోతాదు సి.టి. స్కాన్ తీయించినవారిలో ఈ కాన్సరు మరణములు ఎక్స్‌రే తీయించినవారికంటె 20 శాతము తగ్గినవని 2011లో వెల్లడైనది.

అయితే పాత క్షయ మచ్చలు కూడ స్కానులో అనుమానము కలిగించును. కావున ఊరందరికి ఈ పరీక్ష తగదు. 50 ఏండ్లు దాటి, దినమున కొక పెట్టె చొప్పున 20 ఏండ్లు కాల్చిన రైతులు గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రులలో వైద్యుని సలహా అడుగవలెను. రెండు వారములు మించిన దగ్గుకు కళ్ళె పరీక్షలో క్షయ లేదని తేలినను అంతటితో ఊరకుండరాదు. స్కాను తీయించినను పొగ మానుటయే ప్రధానము.