ఎడారి లోయలో ఇల్లు

మా అక్కా బావా అమెరికాలో ఇల్లు కొనబోతున్నారు. ఇందులో సావనీరులో రాయదగ్గ విశేషం ఏముందని మిత్రులు అడగవచ్చు. విశేషం ఏమిటంటే, ఆ ఇంటికి మొదట కట్టవలసిన సొమ్ము కోసం మా నాయన ఊరి వంక పక్కనున్న రెండెకరాలు బేరానికి పెట్టాడు. పెట్టేముందు నన్ను పిలిచి, "నువ్వు భూగర్భశాస్త్రం సదువుతాండావు గదరా, ఆడ నేల ఎట్లాంటిదో, నీళ్లు యాడ్నుంచి వస్తాయో కనుక్కోని చెప్పు" అన్నాడు. పరీక్షల్లో కూడా నాకు ఇంత బరువైన ప్రశ్న రాలేదు. సెలవులన్నీ పటాలూ నివేదికలూ ముందేసుకుని కూర్చున్నాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

వాళ్లుండే చోటు పేరు యాంటిలోప్ లోయ. కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజెలెస్ నగరానికి ఉత్తరంగా కొండలు దాటి సుమారు 100 కిలోమీటర్లు పోతే వస్తుంది. అది మొహావీ ఎడారికి పడమటి కొన. ఎడారి అనగానే మనకు పల్లంలో ఇసుక తిన్నెలు గుర్తుకొస్తాయి గాని, ఇది సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉన్న మిట్ట ఎడారి. ఎండాకాలం పగలు 40 డిగ్రీల దాకా పోతుంది, చలికాలం రాత్రి తొట్లో నీళ్లు గడ్డకడతాయి. వాన ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడదు. కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురంలోనే 500 దాటుతుంది! అయినా అక్కడ పామ్‌డేల్, లాంకాస్టరు అని రెండు పట్టణాలున్నాయి. 2020 లెక్కల ప్రకారం ఒక్కొక్కదానిలో సుమారు లక్షా డెబ్భై వేల జనం. అంతరిక్ష షటిళ్లను కూర్చింది పామ్‌డేల్‌లోనే. 1981లో మొదటి షటిల్ కొలంబియా దిగింది కూడా ఈ లోయలోని ఎండిన సరస్సు మీదనే.

అక్కావాళ్లు మూడు ఇళ్లు చూసి పెట్టుకున్నారు. మొదటిది పామ్‌డేల్ దక్షిణాన కొండవాలులో ఉంది. ధర నయం, కిటికీ తీస్తే లోయంతా కనబడుతుందట. పటం మీద ఆ వీధిని గుర్తించగానే నాకు గుండె ఝల్లుమన్నది. దానికి కూతవేటు దూరంలో ఒక గీత ఉంది. ఆ గీతే శాన్ ఆండ్రియాస్ భ్రంశం, మన పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి చూపించే అదే భ్రంశం. పసిఫిక్ ఫలకం, ఉత్తర అమెరికా ఫలకం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే చోటు అది. పామ్‌డేల్ దగ్గర 14వ నంబరు రహదారి కోసం కొండను కోసిన చోట, పిండిని పిసికి మడతపెట్టినట్టున్న రాతిపొరలు కారులో పోయేవాళ్లకు కూడా కనబడతాయట. ఈ భాగం చివరిసారి జారింది 1857లో. అప్పటి భూకంపం తీవ్రత 7.9గా అంచనా. అప్పటినుంచి బిగుసుకుని కూర్చుంది. అంటే ఒత్తిడి పోగవుతూనే ఉంది.

ఒక దళారి అక్కతో, "ఈ లోయలో ఎక్కడ కొన్నా భూకంపం ఒకటే" అన్నాడట. ఇది సగం నిజం. అదురు లోయంతా ఉంటుంది. పైగా వదులైన ఒండ్రుమట్టి మీద రాతినేల కంటే ఎక్కువగా కూడా ఉండవచ్చు. దానికి మందు, చెక్క చట్రాన్ని పునాదికి బోల్టులతో బిగించి కట్టిన ఇల్లు. కాని నేల చీలి రెండు వైపులా జరిగిపోవడం వేరు. అది గీత మీదా దాని పక్కనా మాత్రమే జరుగుతుంది. దాన్ని ఏ బోల్టూ ఆపలేదు. 1971 భూకంపం తరువాత 1972లో అక్కడ ఒక చట్టం చేశారు. చురుకైన భ్రంశం మీద మనుషులు కాపురముండే కట్టడం కట్టరాదు. మామూలుగా 50 అడుగులు వదలాలి. ఆ మండలంలోని ఇల్లు అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడికి కాగితం మీద తెలపాలి. "ఆ కాగితం అడిగి చూడు" అని అక్కకు చెప్పాను. ఇల్లు మండలంలోనే ఉందని తేలింది. దళారి నోటితో ఆ మాట రాలేదు మరి.

రెండో ఇల్లు మా నాయనకు ప్రాణం. లోయకు తూర్పున, ఊరికి దూరంగా రెండున్నర ఎకరాల స్థలం, సొంత బోరు. "ఆడ రెండెకరాలు అమ్మి ఈడ రెండున్నర కొన్నట్టయితాది" అని ఆయన లెక్క. దీనికి జవాబు చెప్పడమే నాకు కష్టమయింది.

ఆ లోయకు సముద్రానికి పోయే దారి లేదు. కొండల మీద పడ్డ నీరు లోయలోకి దిగి, ఇంకినంత ఇంకి, మిగిలింది ఎండిన సరస్సుల్లో ఆవిరైపోవలసిందే. అట్లాంటి చోట ఇరవయ్యో శతాబ్దంలో అల్ఫాల్ఫా, అంటే మన లూసర్న్ గడ్డి, విస్తారంగా పండించారు. ఎడారిలో గడ్డి! అంతా బోర్ల నీళ్లే. ఫలితం మనకు తెలిసిందే, మట్టం పడిపోయింది. కాని మా ఊళ్లో జరగనిది ఒకటి అక్కడ జరిగింది. నీళ్లు తోడిన కొద్దీ కిందనున్న బంకమట్టి పొరలు నొక్కుకుపోయి లాంకాస్టరు ప్రాంతంలో నేల ఆరడుగులకు పైగా దిగింది. మా కింద కఠినశిల కనుక బోరు ఎండుతుంది గాని నేల కుంగదు. అక్కడ కుంగిన పొర మళ్లీ మునుపటిలాగా ఉబ్బి నీళ్లు పట్టుకోలేదు. 1970ల నుంచి రాష్ట్రం ఉత్తరభాగం నుంచి కాలువ నీళ్లు వస్తున్నాయి. అయినా తగాదా తీరలేదు. 1999లో మొదలైన వ్యాజ్యం 2015లో తీర్పుకు వచ్చింది, ఎవరెంత తోడుకోవాలో కోర్టే పంచింది. అంచేత అక్కడ స్థలం కొన్నంత మాత్రాన కింద నీరు మనదనుకోరాదు. కొన్ని బోర్లలో ఆర్సెనిక్ కూడా ఉంది. ఆ తూర్పు వైపునే లేక్ లాస్ ఏంజెలెస్ అనే ఊరుంది. 1960ల చివర ఒక వ్యాపార బృందం అక్కడ చెరువు నింపి, దాన్ని చూపించి ప్లాట్లు అమ్మింది. ఇప్పుడు ఊరికి పేరు మిగిలింది గాని చెరువు లేదు.

తూర్పున దుమ్ము గొడవ కూడా ఉంది. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, మధ్యాహ్నం దాటితే ఊపందుకుంటుంది. బీడుపడ్డ పొలాల మట్టి లేచి తూర్పునున్న ఇళ్ల మీద పడుతుంది. ఆ మట్టిలో కాక్సిడియాయిడిస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలు పీలిస్తే వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. చాలామందికి జలుబులాగా వచ్చి పోతుంది, కొందరికి మాత్రం ప్రమాదం. అక్కకు మూడేళ్ల పాప ఉంది. ఇల్లు చూసేవాళ్లు పొద్దున్నే కాక సాయంత్రం నాలుగింటికి వెళ్లాలని నేను పట్టుబట్టాను.

మూడోది లాంకాస్టరుకు పడమట, క్వార్ట్జ్ హిల్ దగ్గర. భ్రంశానికి కొన్ని మైళ్ల దూరం, పంపు నీళ్లు, అక్క పనిచేసే ఆసుపత్రికి దగ్గర. లోపాలు లేకపోలేదు. 1982 నాటి చట్టం కింద కొత్త కాలనీల్లో రోడ్లకూ బడులకూ ప్రత్యేక పన్ను వేస్తారు, ఆ పన్నూ కలుపుకుని చూస్తే ధర తేడా తగ్గుతుంది. బావ లాస్ ఏంజెలెస్‌కు రైల్లో పోతే ఒక వైపే దాదాపు రెండు గంటలు. కారులో పోదామంటే ముఖ్యమైన దారి 14వ నంబరు. కొండల అవతల ఆ దారి పెద్ద రహదారిని కలిసే వంతెన 1971లోనూ 1994లోనూ భూకంపాలకు కూలింది. వరద సంగతి కూడా చూశాను. కొండపాదాన ఒండ్రుమట్టి విసనకర్రలాగా పరుచుకున్న చోట పొడి వాగు ఏ పాయలోంచి దిగుతుందో చెప్పలేం. 2015 అక్టోబరులో పడమటి కొండదారుల మీద బురద ప్రవాహాలు వాహనాలను పూడ్చేశాయి. ఈ ఇల్లు మట్టసమైన చోట, వాగుకు ఎడంగానే ఉంది.

ఇదంతా నాయనకు ఒక సాయంత్రం కళ్లంలో కూర్చుని చెప్పాను. భ్రంశం దగ్గర తల ఊపాడు. నేల కుంగిందంటే నమ్మలేక రెండుసార్లు అడిగాడు. రెండున్నర ఎకరాల సంగతి వచ్చేసరికి చాలాసేపు మాట్లాడలేదు. చేతిలోని గడ్డిపరక విరిచి పారేసి, "మరి ఆ మూడో ఇంటికి పెరడెంతుందంట?" అన్నాడు.

నాకు తెలియదన్నాను. ఆ రాత్రే అక్కకు ఫోను చేసి కనుక్కున్నాం. ముప్పై అడుగులకు నలభై.

"కర్యాపాకు చెట్టుకు సాలు" అన్నాడు.