ప్రమాదం జరిగితే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారు?

మన హాస్టల్లో చదివిన వాళ్ళలో చాలామంది ఇళ్ళు హైదరాబాద్–విజయవాడ రహదారికి దగ్గర్లోనే ఉంటాయి. ఒకప్పుడు తొమ్మిదో నంబరు రోడ్డు అన్నాం, ఇప్పుడది 65వ నంబరు. మిరప కోతలకు, పత్తి తీతలకు ఆటోల్లోనో, ట్రాక్టర్లలోనో వెళ్ళే మన అమ్మానాన్నలు రోజూ ఈ రోడ్డు దాటాల్సిందే.

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడి నాన్నగారు కోత నుంచి సైకిల్ మీద వస్తుంటే వెనుక నుంచి ఆటో గుద్దింది. కాలు విరిగింది. ఊళ్ళో పెద్దలు కూర్చుని ఐదు వేలకు రాజీ చేశారు. పోలీసు కేసు పెట్టలేదు. ఆపరేషన్ అయ్యేసరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు మిగిలింది, మిత్రుడికి ఒక ఏడాది చదువు పోయింది. ఆ ఆటోకు ఇన్సూరెన్స్ ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మరో ఇంట్లో ఇలా జరగకూడదని, మేము తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాం.

మొదటి గంటల్లో

ముందు 108కి ఫోన్ చేయాలి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఉన్న ఈ అంబులెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు. 2025 మే నెలలో కేంద్రం ఒక పథకం తెచ్చింది. దాని ప్రకారం మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద గాయపడినా, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు, డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు. ప్రమాదం జరిగిన సంగతిని పోలీసులు ధ్రువీకరించాలి. కాబట్టి పోలీసులకు వెంటనే చెప్పడం చాలా ముఖ్యం.

రెండోది, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం. అర్హత ఉన్న కుటుంబానికి, జాబితాలో ఉన్న చికిత్సలకు నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఇది వర్తిస్తుంది. చేర్చేటప్పుడే ఆ పథకం కౌంటరులో అడగాలి. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళకు ఈఎస్‌ఐ ఉంటే, పనిలో తగిలిన గాయానికి అక్కడే వైద్యం అందుతుంది.

బండి ఇన్సూరెన్స్ ఎవరి కోసం?

మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. "బండికి ఇన్సూరెన్స్ ఉంది, పడితే వాళ్ళే కడతారు" అనుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌ను. అంటే మన బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివాళ్ళ కోసం. మనమే జారిపడితే ఆ పాలసీ మన ఆసుపత్రి బిల్లు కట్టదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వెనుక కూర్చున్న వాళ్ళకూ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ట్రాక్టర్ ట్రాలీలో కూర్చున్న కూలీలకూ సాధారణంగా రక్షణ ఉండదు. ఏటా 20 రూపాయలతో బ్యాంకులో తీసుకునే సురక్షా బీమా మరణానికి, అంగవైకల్యానికి మాత్రమే. బిల్లులకు కాదు.

ఎదుటి బండి గుద్దితే మాత్రం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం కోరవచ్చు. బిల్లులే కాదు, పోయిన కూలీ, తోడుగా ఉన్నవాళ్ళ ఖర్చు, మిగిలిపోయిన అవిటితనం కూడా లెక్కలోకి వస్తాయి. అయితే ఈ డబ్బు తీర్పు తర్వాతే వస్తుంది, ఆసుపత్రి కౌంటరు దగ్గర రాదు. అందుకే పై పథకాలను ముందు చెప్పాం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. గుద్దిన బండి దొరకకపోతే తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇస్తారు. దీని కోసం తహసీల్దారు లేదా ఆర్డీవో కార్యాలయంలో అడగాలి.

రాజీకి ముందు

రోడ్డు పక్కన ఇచ్చే డబ్బు చూసి కేసు వదులుకోవద్దు. ఎఫ్‌ఐఆర్ నకలు, గుద్దిన బండి నంబరు, ఆసుపత్రి చీటీలు, మందుల అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒకే సంచిలో దాచాలి. బిల్లు లేని ఖర్చును నిరూపించడం కష్టం. రాజీ కాగితం మీద మాత్రం ఎవరికైనా చదివించకుండా వేలిముద్ర వేయవద్దు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇంట్లో కాగితం చదవగలిగేది చాలాసార్లు మీరొక్కరే. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు నాన్న బండి పాలసీ తీసి గడువు తేదీ చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అని చదివి చెప్పండి. ఆ సంచి ఎక్కడ పెట్టాలో కూడా అమ్మకు చూపించి రండి.