ఈసారి కథ నువ్వు చెప్పు

"నాకే నిన్నగాక మొన్న అక్షరాలు వచ్చాయి. నా బిడ్డకు నేనేం నేర్పగలను?"

ఈ మాట మీరు ఎప్పుడైనా అనుకున్నారా? అనుకునే ఉంటారు. పొద్దున్నే పత్తి తీతకో, మిరప కోతకో పోతాం. పొద్దుగూకి వస్తాం. ఇంక పిల్లల చదువు చూసే ఓపిక ఎక్కడిది? అంగన్‌వాడీ టీచరు ఉందిగా, ఆమే చూసుకుంటుంది అనుకుంటాం.

కానీ పిల్లల చదువు పలకతో మొదలు కాదు. మాటతో మొదలవుతుంది. మాటలు మీ దగ్గర ఉన్నాయి. కథలూ ఉన్నాయి.

ఏడు చేపల కథ మీకు తెలుసు కదా! రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. అందులో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటు ఎందుకు అడ్డం వచ్చింది? ఆవు మెయ్యలేదు. ఆవు ఎందుకు మెయ్యలేదు? జీతగాడు మేపలేదు. వాడికేమో అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఏం చేస్తుంది, పిల్లాడు ఏడుస్తున్నాడు! పిల్లాణ్ణి చీమ కుట్టింది. చీమ పుట్టలో వేలు పెడితే కుట్టదా మరి?

ఈ కథ మనం ఎన్నోసార్లు చెప్పాం. చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చాం. ఇంకొక్క పని చేస్తే ఇదే పాఠం అవుతుంది. మర్నాడు పిల్లను దగ్గర కూచోబెట్టుకుని, "ఈసారి కథ నువ్వు చెప్పు" అనాలి. అంతే.

తిరిగి చెబితే ఏం వస్తుంది?

వినేటప్పుడు పిల్లలు ఊ కొడితే సరిపోతుంది. చెప్పేటప్పుడు అట్లా కుదరదు. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. ఎందుకు జరిగిందో చెప్పాలి. అవ్వ ఎవరో, ఆవు ఏం చేసిందో ఎదుటివాళ్లకు అర్థమయ్యేట్టు మాటలు వెతుక్కోవాలి. నలుగురిలో నోరు విప్పే ధైర్యం కావాలి. ఇవన్నీ చదువుకు పునాదిరాళ్లు.

బడిలో కొందరు పిల్లలు పాఠం గడగడా చదువుతారు. "ఇందులో ఏముంది?" అని అడిగితే దిక్కులు చూస్తారు. అక్షరాలు వచ్చాయి గానీ సంగతి అందలేదన్న మాట. అట్లాంటి పిల్లలు పై తరగతులకు పోయేకొద్దీ వెనకబడతారు. చదువు మీద విసుగు పుట్టి బడి మానేసేవాళ్లూ ఉంటారు. చిన్నప్పటి నుంచీ కథ విని తిరిగి చెప్పే అలవాటు ఉన్న పిల్లలు పాఠంలో కూడా "తర్వాత ఏమైంది? ఎందుకైంది?" అని వెతుకుతారు.

అంగన్‌వాడీలో ఎలా చేయాలి?

మన దేశంలో ఐ.సి.డి.ఎస్. పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అంగన్‌వాడీలు దాని కింద వచ్చినవే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ తిండితో పాటు ఆటపాటల చదువు కూడా ఉంది. అందులో కథకు రోజూ కొంచెం చోటు ఇవ్వాలి.

గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన 1920లో పసిపిల్లల కోసం ఒక బాలమందిరం పెట్టారు. చిన్నపిల్లల చదువుకు ఆయన కథను పెద్ద సాధనంగా వాడుకున్నారు. ఆయన రాసిన 'దివాస్వప్న' పుస్తకంలో ఒక మాస్టారు అల్లరి తరగతిని కథలు చెప్పే దారికి తెచ్చుకుంటాడు. బెత్తంతో పని పడదు.

మీరూ ఇట్లా చేసి చూడండి.

1. చిన్న కథ ఎంచుకోండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే కథ అయితే పిల్లలకు తేలిక.

2. ఒకే కథను రెండు మూడు రోజులు చెప్పండి. పెద్దలకు విసుగు గానీ పిల్లలకు విసుగు ఉండదు.

3. చేతికందిన వస్తువులు చూపించండి. ఏడు ఎండుటాకులు పెడితే ఏడు చేపలు. గుప్పెడు గడ్డి పెడితే గడ్డిమేటు.

4. పిల్లల్ని నలుగురైదుగురుగా కూచోబెట్టండి. ఒకరు ఆవు, ఒకరు అవ్వ, ఒకరు చీమ. ఎవరి వంతు వాళ్లు చెబుతారు. నోరు మెదపని పిల్లకు మొదట చేప వేషం ఇవ్వండి. మాట్లాడే పని లేకుండానే ఆటలో ఉంటుంది. నాలుగు రోజులు పోయాక చీమ మాట తనే అందుకోవచ్చు.

తప్పు చెబితే?

చెప్పనివ్వండి. చీమకు బదులు తేలు కుట్టిందంటే మునిగిపోయింది లేదు. ఆ పిల్ల సొంతంగా ఆలోచించిందని సంతోషించండి. మధ్యలో ఒక ముక్క వదిలేస్తే, "అది కాదే మొద్దూ" అనకండి. "ఆవు ఎందుకు మెయ్యలేదమ్మా?" అని అడగండి. తెగిన దారం తనే ముడి వేసుకుంటుంది.

ఇంట్లో లంబాడీయో, ఉర్దూయో మాట్లాడే పిల్లలు ఉంటే ముందు ఆ భాషలోనే చెప్పనివ్వండి. తెలుగు తర్వాత వస్తుంది. కుదిరిన చోటల్లా ఐదో తరగతి దాకా పిల్లల ఇంటి భాషలో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా అంటోంది.

రాతి మీద కథ

కథ తిరిగి చెప్పటం మన ఊళ్లకు కొత్త కాదు. జగ్గయ్యపేట, నందిగామ 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. అంతకు ముందు కృష్ణా జిల్లా మెరక ప్రాంతం. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. 1882లో బర్జెస్ దొర అక్కడ తవ్వించాడు. చెక్కిన పలకరాళ్లు బయటపడ్డాయి. ఒక రాతి మీద ఒక రాజు చెయ్యి ఎత్తి నిలబడి ఉంటాడు. మబ్బుల్లోంచి నాణేలు వానలా కురుస్తుంటాయి.

ఆయన మాంధాత చక్రవర్తి అని పెద్దలు చెబుతారు. ఎంత ధనం కురిసినా ఆయనకు తనివి తీరలేదు. స్వర్గంలో సగం దొరికినా చాలలేదు. ఆ ఆశే ఆయన్ను కింద పడేసింది. ఇదీ బౌద్ధులు చెప్పే కథ.

ఆ రాయి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని వయసు సుమారు రెండు వేల ఏళ్లు. దాన్ని చెక్కినవాడు ఆ కథ ఎవరి నోటనో విని ఉంటాడు. విన్నదాన్ని ఉలితో తిరిగి చెప్పాడు. అందుకే నేటికీ నిలిచింది.

మీరు రాయండి

ఆయన రాతి మీద నిలిపాడు. మీరు కాగితం మీద నిలపండి. మీ బిడ్డ కథ చెబుతుంటే రెండు మూడు మాటలు రాసుకోండి. బిడ్డ ఎట్లా అంటే అట్లాగే రాయండి. "చేప ఎండలా" అంటే "చేప ఎండలా" అనే రాయండి. తప్పులు పోతే పోనీండి. రాసింది వేలు పెట్టి చదివి వినిపించండి.

అప్పుడు బిడ్డకు ఒక సంగతి తెలుస్తుంది. నా నోటి మాటే ఈ గీతల్లో ఉందని. మీకూ ఒక లాభం ఉంది. రాయకపోతే నేర్చిన అక్షరం తుప్పు పడుతుంది. ఇట్లా రాస్తుంటే నిలుస్తుంది.

ఒక కథ. బిడ్డ నోరు, తల్లి చెయ్యి. ఇద్దరి చదువూ ముందుకు సాగుతుంది.

చేసి చూడండి: ఈ రాత్రి మీ బిడ్డకు ఒక కథ చెప్పండి. రేపు బిడ్డ చేత చెప్పించుకోండి. అందులో మూడు మాటలు కింద రాయండి.

......................................
......................................
......................................