మంట వెలుగు చూచిన తరగతి

సంక్రాంతి సెలవులలో అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటయందు గాని పూర్వవిద్యార్థుల ఆత్మీయ సమ్మేళనము జరుగని యేడు అరుదు. కువైటు నుండియు మస్కటు నుండియు సెలవుపై వచ్చినవారు, హైదరాబాదున స్థిరపడినవారు, ఊరు విడువక కొబ్బరితోట చూచుకొనుచున్నవారు, చిన్ననాటి బల్లలపై మరల ఇరుకుగా కూర్చుండి, అప్పటి మాస్టారికి శాలువ కప్పి, పాదములంటి నమస్కరించి, భోజనముల వేళకు "ఏరా", "ఒరే"లలోనికి దిగుదురు. ఇవి కాలక్షేపపు సభలని చులకన చేయువారు కలరు. నేను వారితో ఏకీభవింపజాలను. ఒక తరగతివారు కలసి కాపాడుకొన్న జ్ఞాపకములలో, మరెచ్చటను వ్రాయబడని స్థానిక చరిత్ర యున్నదని నా దృఢవిశ్వాసము. అందులకు 1995లో పదవ తరగతి ముగించిన కోనసీమ విద్యార్థులే సాక్షులు.

ఆ యేడు జనవరి 8వ తేదీన, పెద్దపండుగకు ఇంకను వారమైన లేని సమయమున, పాశర్లపూడి చెంత చమురు, సహజవాయు సంస్థవారి 19వ నంబరు బావి నుండి వాయువు ఒక్కసారిగా పైకెగసి అంటుకొనెను. భూగర్భమున మిక్కిలి పీడనముతో నుండు వాయువును, త్రవ్వకపు వేళ బావిలో నింపి యుంచెడి బరువైన బురద అణచిపట్టవలెను. ఆ అదుపు తప్పినచో వాయువు గొట్టము వెంట తన్నుకొని పైకి వచ్చును (దీనినే బ్లోఅవుట్ అందురు), అటుపైని నిప్పురవ్వ యొక్కటి చాలును. జ్వాల ఇంచుమించు 200 మీటర్ల ఎత్తునకు లేచెను. చుట్టుపట్ల నివసించువారిచేత ఇండ్లు ఖాళీ చేయించిరి. విదేశీ నిపుణుల తోడ్పాటుతో మార్చి నడుమ ఆర్పువరకు, 65 దినముల పాటు, ఆ బ్లోఅవుట్ పగలనక రాత్రియనక మండుచునే యుండెను.

ఈ లెక్కలన్నియు కాగితములపై నున్నవి. కాని ఆ 65 దినములును పబ్లిక్ పరీక్షలకై పునశ్చరణ చేసికొనుచుండిన పదునైదేండ్ల పిల్లలకు ఎట్లు గడచినవో ఏ కాగితము చెప్పును? మంటకు దగ్గరి ఊరివానికి గుర్తున్నది తలుపులను గజగజలాడించిన హోరు. ఏటికి ఈవలివానికి, దీపము పెట్టకయే వాకిలి కానవచ్చిన రాత్రులు. దూరపు లంకవానికి, ఆకాశపు టంచున ఎఱ్ఱదనమును, దానిని చూడబోవు జనముతో క్రిక్కిరిసిన బస్సులును. ఇల్లు విడిచి మేనమామ యింట తలదాచుకొన్నదానికి, సంచిలో వేసికొనుట మరచిన లెక్కల పుస్తకము. వీరిలో ఏ యొక్కరి నడిగినను దొరకునది తునుక మాత్రమే. అందరును ఒకచోట చేరినపుడు, "ముందు చప్పుడురా, ఆ తర్వాతే వెలుగు" అని ఒకడనగా, "నువ్వు పాశర్లపూడోడివి, నీకలాగే ఉంటది; మాకు వెలుగే ముందు" అని మరియొకడు సరిదిద్దగా, విడివిడిగా ఎవ్వరియొద్దను లేని పూర్ణచిత్రము మెల్లమెల్లగా ఏర్పడును. ఆ సరిదిద్దుకొనుటయే ఈ కలయికల సారము.

ఆ తరువాతి తరగతులవారి గుర్తు వేరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి, దీపావళికి నాలుగు దినముల ముందు, తుఫాను కోనసీమపై విరుచుకుపడెను. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి, లక్షల కొలది కొబ్బరిచెట్లు నేలకొరిగెను. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును గనుక, తోటనే నమ్ముకొన్న యిండ్లలో ఆ గాలి ఒక్క రాత్రితో పోలేదు. పిల్లల చదువు వెంటను, పెండ్లిండ్ల వెంటను చాలకాలము వచ్చెను. అంతకు పూర్వము, 1986 ఆగస్టున, ధవళేశ్వరము ఆనకట్ట వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరిని చూచినవారికి బడి యనగానే నీరు తలపునకు వచ్చును.

అయినను ఉపద్రవములు మాత్రమే జ్ఞాపకములు కావు. బోడసకుర్రుకును పాశర్లపూడికిని నడుమ వైనతేయ నదిపై వంతెన లేని ఆ కాలమున, అవతలి గట్టు పిల్లలు సైకిలును పంటుపై కెక్కించి ఏరు దాటవలసి యుండెను. ప్రార్థన ముగిసిన పిదప గుమ్మమున నిలిచి "పంటు తప్పిపోయిందండి" అన్నచో, అది నిజమో కాదో మాస్టారికి తెలియును, తెలిసియు లోపలికి రమ్మనుటయే పరిపాటి. బడిగంట యందురా, పలు పాఠశాలలలో అది వేలాడదీసిన రైలుపట్టా ముక్క. రైలుకూత వినబడని అమలాపురపు పిల్లలు ఆ ఇనుప మ్రోతకే పుస్తకములు సర్దుకొని పరుగులు తీసిరి.

ఇక తరగతి ఛాయాచిత్రమును చూడుడు. ముందు వరుసలో కుర్చీలపై ఉపాధ్యాయులు, నడుమ హెడ్మాస్టరుగారు, వారి పాదముల చెంత నేలపై బాసింపట్టు వేసికొన్న పొట్టి పిల్లలు, వెనుక బల్లలెక్కి నిలిచిన పొడగరులు. ఒక ప్రక్కగా రెండు జడలతో, చేతులు కట్టుకొని, ఆడపిల్లలు. వెనుక వరుసలవారి పేర్లు గుక్క తిప్పుకొనకుండ చెప్పగలవారు సైతము ఈ ప్రక్కకు వచ్చునప్పటికి తడబడుదురు. ఇంటిపేరు మారెను, ఊరు మారెను. పదవ తరగతి ముగియగనే కొందరికి పెండ్లి జరిగెను. సంసారపు అక్కరకై గల్ఫునకు వెళ్ళి, పరాయి యిండ్లలో చాకిరి చేసి, బిడ్డలను చదివించినవారును వీరిలో కలరు. సమ్మేళనముల నిర్వాహకులు మగవారి నంబర్లను వాట్సాప్‌లో గంటలో కూర్చగలరు. ఆడవారి కొరకు పుట్టింటి వీధిలో అడిగి, అన్నదమ్ముల నడిగి, అత్తవారి ఊరికి కబురంపవలెను. ఆ శ్రమ పడనిచోట తరగతి సగమే కలిసినట్లు. నది దాటుటలో వారు చూచినది వేరు, మంట వెలుగులో వారు భయపడినది వేరు, పరీక్షల పిమ్మట వారికి మూసివేయబడిన దారి వేరు. ఇవి చేరని చరిత్ర చరిత్ర యనిపించుకొనదు.

కావున వచ్చు పండుగకు కలియనున్న తరగతులవారు శాలువలతో పాటు తెల్లకాగితముల పుస్తక మొక్కటి తెచ్చుకొందురు గాక. ఏ రేవు దాటి బడికి వచ్చిరో, పంటు తప్పిననాడు ఏమి చేసిరో, తుఫాను రాత్రి ఎవరి డాబాపై తలదాచుకొనిరో, ఒక్కొక్కరు తమ చేతివ్రాతతో ఒక్కొక్క పుట వ్రాయవలెను. వృద్ధులైన మాస్టార్ల మాటను ముందుగా వ్రాసికొనవలెను. రాలేకపోయిన సహాధ్యాయినుల నుండి ఫోనులో విని వ్రాయవలెను. చప్పుడు ముందో వెలుగు ముందో తేలనిచోట ఒకదానిని కొట్టివేయక రెండింటిని అట్లే యుంచి, ఒక ప్రతిని ఆ పాఠశాల గ్రంథాలయమునకు అప్పగింపవలెను.