బిడియపు బారిష్టరు

బాలలూ! తరగతిలో మేష్టారు ప్రశ్న వేస్తారు. జవాబు మీకు తెలుసు. అయినా లేచి నిలబడేసరికి గుండె దడదడలాడుతుంది, నోరు పిడచగట్టుకుపోతుంది. తప్పు చెబితే అందరూ నవ్వుతారేమోనని కూర్చుండిపోతారు. ఆ జవాబే పక్కవాడు చెప్పి మెప్పు పొందుతాడు. మీలో కొందరికైనా ఇది అనుభవమే కదూ?

ఇలాంటి బిడియస్థుడే ఒకడు 1869లో పోరుబందరులో పుట్టి, రాజకోటలో చదువుకున్నాడు. సరిగా గంట వేళకు బడికి వచ్చేవాడు. బడి వదలగానే ఇంటికి పరుగు తీసేవాడు. ఎవరైనా పలకరిస్తారేమో, ఎగతాళి చేస్తారేమో అని అతని భయం. ఆ కుర్రవాడి పేరు మోహనదాసు. తరువాత లోకమంతా గాంధీజీ అని పిలిచింది అతన్నే.

మోహనదాసు బారిష్టరు చదువుకోసం 1888లో ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడి దొరల మధ్య తాను మోటుగా ఉన్నానని అతనికి తోచింది. వెంటనే వారిలా మారిపోవాలనుకున్నాడు. పొగగొట్టంలాంటి ఎత్తయిన టోపీ కొన్నాడు. పది పౌన్లు పోసి సూటు కుట్టించాడు. రోజూ పెద్ద అద్దం ముందు నిలబడి టై సవరించుకోవటానికీ, పాపిడి తీసుకోవటానికీ పది నిమిషాలు ఖర్చుచేసేవాడు. నృత్యం నేర్చుకోబోతే అడుగు తాళానికి కలవలేదు. చెవికి సంగీతం అలవడాలని ఫిడేలు కొన్నాడు. చక్కగా ఉపన్యసించటం నేర్పే గురువును కూడా కుదుర్చుకున్నాడు.

మూడు నెలలు గడిచాయి. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. 'నేను జన్మంతా ఇక్కడ ఉండబోను కదా! వచ్చింది చదువుకోటానికి. నడవడి మంచిదైతే నేను పెద్దమనిషినే. కాకపోతే ఈ ఫిడేలు నన్ను పెద్దమనిషిని చేస్తుందా?' అనుకున్నాడు. ఉపన్యాసాల గురువుకు, ఇక రానని ఉత్తరం రాసేశాడు. ఫిడేలు అమ్మెయ్యమని ఫిడేలు నేర్పే ఆమెను కోరాడు. శుభ్రంగా దుస్తులు వేసుకోవటం మాత్రం మానలేదు.

వేషం వదిలాడు గాని, బిడియం అతన్ని వదలలేదు. లండనులోని శాకాహారుల సంఘంలో అతను కార్యవర్గ సభ్యుడు. ప్రతి సమావేశానికీ వెళ్ళేవాడు, పెదవి మాత్రం కదిపేవాడు కాడు. ఒకసారి ఆ సంఘంలో పెద్ద తగవు వచ్చింది. ఒక డాక్టరు అభిప్రాయాలు అధ్యక్షుడికి నచ్చక, ఆయనను సంఘం నుంచి తొలగించాలన్నారు. ఆ అభిప్రాయాలు మోహనదాసుకూ నచ్చలేదు. కాని శాకాహారాన్ని నమ్మిన మనిషిని వేరే కారణం చూపి వెళ్ళగొట్టటం అన్యాయమని అతనికి తోచింది. అధ్యక్షుడంటే అతనికి ఎంతో గౌరవం. అయినా ఊరుకోలేక, తన మాట కాగితం మీద రాసి తీసుకువెళ్ళాడు. తీరా అక్కడ లేచి చదవటానికి ధైర్యం చాలలేదు. ఆ కాగితాన్ని అధ్యక్షుడే మరొకరిచేత చదివించాడు. ఆనాడు మోహనదాసు పక్షమే ఓడిపోయింది. అయినా అతను మాట్లాడలేకపోయాడే గాని, తన మాటను దాచుకోలేదు. అది గమనించండి!

1891లో స్వదేశం వచ్చి, బొంబాయి కోర్టులో మొదటి దావా చేపట్టాడు. సాక్షిని ప్రశ్నించటానికి లేచేసరికి తల తిరిగింది. ఒక్క ప్రశ్నా తోచలేదు. తీసుకున్న ముప్ఫై రూపాయల ఫీజూ వాపసు చేసి వెళ్ళిపోయాడు.

మనిషికి ఎందుకిలా అవుతుంది? మన మూత్రపిండాలమీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులున్నాయి. భయం కలగగానే అవి అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. పులి ఎదురైతే పారిపోవటానికో, పోరాడటానికో శరీరం ఇలా సిద్ధమవుతుంది. పాపం, ఎదురుగా ఉన్నది పులి కాదనీ, పదిమంది మనుషులేననీ దానికి తెలియదు! కనక గుండె దడ పిరికితనానికి గుర్తు కాదు. పేరుపొందిన వక్తలకు కూడా ఇది వస్తుంది.

1893లో గాంధీ ఒక దావా పనిమీద దక్షిణాఫ్రికా వెళ్ళాడు. అక్కడ భారతీయులు పడే అవమానాలు చూశాడు, తానూ పడ్డాడు. ప్రిటోరియాలో వారందరినీ ఒక ఇంట సమావేశపరిచి, వ్యాపారంలో సత్యం పాటించటాన్ని గురించి మాట్లాడాడు. అదే ఆయన జీవితంలో మొదటి బహిరంగోపన్యాసం. చెప్పదలచినది ముందే బాగా ఆలోచించుకుని వెళ్ళాడు. నేనెలా కనిపిస్తున్నానన్న చింత కన్న, వీళ్ళకు ఈ సంగతి చెప్పాలన్న తపనే ఆనాడు పెద్దదై ఉంటుంది. మాట తడబడలేదు.

ఆయన వాగుడుకాయగా మారిపోయాడనుకోకండి. ఆ మితభాషణ ఆయనకు చివరిదాకా ఉన్నది. తన బిడియంవల్ల మాటలు పొదుపుగా వాడటం అలవడిందనీ, అది తనకు మేలే చేసిందనీ ఆత్మకథలో రాసుకున్నాడు.

మీరు కూడా చెప్పదలచినది ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మొదట ఒక స్నేహితుడికి చెప్పండి, తరువాత నలుగురికి చెప్పండి. పక్కవాడి గొంతును అనుకరించనక్కరలేదు. చిన్న గొంతుతో చెప్పినా నిజం నిజమే.

మరొక్క మాట. మీ తరగతిలో ఎవరైనా లేచి, మాట రాక తడబడితే నవ్వకండి. వాడు మాట పూర్తిచేసేదాకా ఓపిగ్గా వినండి.