సేదదీరు లోహము

కంచరి ఇత్తడిరేకును సమ్మెటతో మోదుచు బిందెగా మలచుట సోదరీమణులు చూచియే యుందురు. మోదినకొలది రేకు గట్టిపడును, మితిమీరినచో పగులును. అందుచేతనే నడుమనడుమ దానిని నిప్పులలో కాల్చుచుందురు. దెబ్బలవలన లోహములో నేమి చెడును? వేడిమివలన నేమి చక్కబడును? ఈ విషయమును మేమిచ్చట సంగ్రహముగా వివరింతుము.

పటికబెల్లమునందువలెనే లోహమునందును స్ఫటికములు కలవు. ఇవి సాధారణముగా కంటి కగపడని సన్నని రేణువులు. ఒక్కొక్క రేణువులో పరమాణువులు ముగ్గుచుక్కలవలె వరుసలు తీరియుండును. అక్కడక్కడ నొక వరుస సగములో తెగిపోయి తప్పు ఏర్పడును. లోహము వంగుట కీ తప్పుల కదలికయే కారణమని 1934వ సంవత్సరమున టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా తెలిపిరి. సమ్మెటదెబ్బలచే నివి లెక్కకు మించి పెరిగి, చిక్కుపడిన నూలువలె నొకదాని నొకటి కదలనీయవు. లోహము గట్టిపడుట కిదియే హేతువు.

మితమైన వేడిమి తగిలినపుడు పరమాణువులకు కదలు శక్తి కలుగును. ఎదురెదురు తప్పులు కలిసికొని నశించును. మిగిలినవి చిక్కు విడి గోడలవలె బారులు తీరును. అంతట నొక్కొక్క రేణువు, ఇంటిలోని గదులవలె, చిన్న భాగములుగా నేర్పడును. ఈ యమరిక అల్యూమినియమునందు స్ఫుటముగాను, ఇత్తడియందు స్వల్పముగాను ఉండును. రేణువుల బాహ్యాకారము మాత్రము మారదు. లోపలి బిగువు తగ్గును. గట్టితనము చాలవరకు నిలుచును. దీనినే లోహము కోలుకొనుట యందురు. వేడిమి హెచ్చినచో పాత రేణువుల స్థానమున క్రొత్తవి పుట్టి లోహము మిక్కిలి మెత్తబడును. కంచరి కొలిమిలో జరుగున దీ రెండవదియే.

కోలుకొనుటవలని మేలునకు మన దేశముననే నిదర్శనము కలదు. ఆంగ్లేయుల పాలనలో సైనికులు వర్షాకాలమున తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచుచుండిరి. వానలు వెడలిన పిమ్మట చూడగా, వాని ఇత్తడి తొడుగు లనేకములు తమంత తామే పగిలియుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమోనియా, గాలిలోని తేమ, ఇత్తడిలో నణగియున్న బిగువు, ఈ మూడును కలిసియే పగులు పుట్టించెనని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనువారు వివరించిరి. అట్టి తొడుగులను సుమారు 250 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కొంతసే పుంచినచో బిగువు సడలును, గట్టితనము చెడదు, పగులు తప్పును.

కావున ఇత్తడిపాత్రలను పశువుల కొట్టములలో దాచకుండుట మేలు. దెబ్బ తగులకయే పాత్ర చీలినపుడు, తోమిన కోడలినో పనికత్తెనో నిందించుటకు ముందు, తప్పు లోహపు లోపలనే యుండవచ్చునని గృహిణులు తలంపవలెను.