ఫోన్‌లోకి దిగని మెయిల్: లోపం ఎక్కడ?

ఫోన్‌లో మెయిల్ రావడం లేదన్న ఫిర్యాదు వినడానికి ఒక్కటే అయినా, దాని వెనుక రెండు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. ఎవరో పంపిన సందేశం నేరుగా ఫోన్‌కు రాదు. అది ముందుగా ఖాతాదారు వాడే మెయిల్ సేవ తాలూకు సర్వర్‌కు, అంటే రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో ఉండే కంప్యూటర్‌కు, చేరి అక్కడ నిల్వ ఉంటుంది. అక్కడి నుంచి దాన్ని దించుకోవడం ఫోన్‌లోని యాప్ చేసే రెండో పని. మొదటి అంచెలో ఆగిన సందేశం కోసం ఫోన్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా ఫలితం ఉండదు, రెండో అంచెలో ఆగినదాన్ని మళ్లీ పంపమని అవతలివారిని అడిగినా ఉపయోగం ఉండదు. అయినా చాలామంది ఆగిందెక్కడో తేల్చుకోకుండానే యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడంతో మరమ్మతు మొదలుపెడతారు.

తేల్చుకోవడం పెద్ద పనేమీ కాదు. బ్రౌజర్ తెరిచి, మెయిల్ సేవ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయితే సర్వర్‌లో ఉన్నవన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. వెతుకుతున్న సందేశం అక్కడా లేకపోతే స్పామ్ ఫోల్డర్‌ను, ఆ తర్వాత నిల్వ స్థలాన్ని చూడాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలం జీమెయిల్ ఒక్కదానికే కాక డ్రైవ్‌కు, ఫోటోస్‌కు కూడా ఉమ్మడిది. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్కకు వస్తోంది. పెళ్లి వీడియోలతో, శుభోదయం బొమ్మలతో ఆ స్థలం నిండిపోతే, ఉద్యోగానికి పిలిచే ఉత్తరం సైతం పంపినవారికే తిరిగి వెళ్లవచ్చు.

సందేశం సర్వర్‌లో ఉండి ఫోన్‌లో లేదంటే, యాప్ దాన్ని ఏ పద్ధతిలో దించుకుంటోందో తెలుసుకోవాలి. 1984లో రూపుదిద్దుకున్న పాప్ అనే పద్ధతి, ఒక మనిషి ఒకే కంప్యూటర్‌లో మెయిల్ చదివే కాలానికి తగినట్టు, సందేశాలను దించుకుని సర్వర్‌లో చెరిపేయడానికి ఉద్దేశించింది. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ ఇందుకు భిన్నం. అందులో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్ గానీ కంప్యూటర్ గానీ దాన్ని చూసే కిటికీలు మాత్రమే. ఆఫీసు కంప్యూటర్‌లో ఎప్పుడో పెట్టిన పాప్ ఖాతా పది నిమిషాలకోసారి సందేశాలను లాక్కుని సర్వర్‌ను ఖాళీ చేస్తూ ఉంటే, అదే ఖాతాను ఫోన్‌లో తెరిచినవారికి ఇన్‌బాక్స్ బోసిగానే కనిపిస్తుంది. తప్పు ఫోన్‌ది కాదు కనుక ఫోన్‌లో ఎంత వెతికినా అది దొరకదు. కంప్యూటర్‌లో సర్వర్ మీద ఒక ప్రతి ఉంచమనే ఎంపికను పెట్టుకోవాలి, లేదా రెండు చోట్లా ఐమ్యాప్‌కు మారాలి.

పాప్‌లో ఇంకో చిక్కు ఉంది. సందేశాలను యాప్ సాధారణంగా ఒకదాని వెనుక ఒకటిగా దించుకుంటుంది కాబట్టి, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న ఒక్క సందేశం ఆగితే దాని వెనుకవన్నీ ఆగిపోతాయి. పైగా, దించుకున్నవాటిని చెరిపేయమని యాప్ ఇచ్చే ఆదేశాలను సర్వర్ వెంటనే పాటించదు. పని ముగిసిందని యాప్ సవ్యంగా చెప్పి సెలవు తీసుకున్న తర్వాతే పాటిస్తుంది. మధ్యలో సిగ్నల్ తెగితే ఆ ఆదేశాలన్నీ రద్దయినట్టే. కొన్ని పాత యాప్‌లలో నిన్నటి మెయిళ్లే మళ్లీ మళ్లీ దిగడానికి, కొత్తవి ఎంతకీ రాకపోవడానికి ఇదే కారణం. బ్రౌజర్‌లో ఆ బరువైన సందేశాన్ని గుర్తించి, ఫైలును వేరుగా దాచుకుని, సందేశాన్ని ఇన్‌బాక్స్ నుంచి తొలగిస్తే దారి తెరుచుకుంటుంది. అటాచ్‌మెంట్ ఏదైనా మెయిల్‌లో ప్రయాణించేటప్పుడు ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలుగా మారతాయి కనుక, 15 ఎంబీ ఫైలు దారిలో 20 ఎంబీ అవుతుందన్న సంగతి కూడా బలహీనమైన సిగ్నల్ ఉన్నచోట గుర్తుంచుకోదగినది.

సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పని చెప్పడం మరో రకం సమస్య, బహుశా అన్నిటికంటే ఎక్కువ విసిగించేది. ఒకప్పుడు యాప్ పాస్‌వర్డ్‌ను తన దగ్గర దాచుకుని ప్రతిసారీ సర్వర్‌కు చూపేది. వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఈ పద్ధతిని 2022 మే 30తోను, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరు 16తోను నిలిపివేశాయి. దాని స్థానంలో వచ్చిన ఓఆత్ అనే పద్ధతిలో, మెయిల్ సంస్థ సొంత లాగిన్ పేజీయే తెరుచుకుని, పాస్‌వర్డ్‌ను యాప్‌కు తెలియనివ్వకుండా దానికి ఒక అనుమతి సంకేతాన్ని మాత్రమే అందిస్తుంది. ఈ పద్ధతి ఎరుగని పాత యాప్‌లో పాస్‌వర్డ్‌ను పదిసార్లు కొట్టినా పని జరగదు. కొత్త యాప్‌కు మారడమో, జీమెయిల్ అయితే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవడమో చేయాలి. ఈ దశలో విసిగిపోయి సెర్చ్‌లో దొరికిన 'కస్టమర్ కేర్' నంబరుకు ఫోన్ చేసి, అడిగినవారికల్లా ఓటీపీ చెప్పడం మెయిల్ రాకపోవడం కంటే పెద్ద ప్రమాదం.

ఇక పాత ఫోన్ల సంగతి. సర్వర్‌తో సంభాషణను రహస్యలిపిలో ఉంచే టీఎల్‌ఎస్ పద్ధతిలో 1.0, 1.1 కూర్పులను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలో పక్కన పెట్టింది కనుక, వాటి మీదే ఆధారపడిన పరికరాలను చాలా సర్వర్లు లోపలికి రానివ్వవు. ఫోన్‌లో తేదీ తప్పుగా ఉన్నా సర్వర్ చూపే ధ్రువపత్రం చెల్లనిదిగా కనబడి కనెక్షన్ తెగిపోతుంది. సెట్టింగ్స్‌ను చేత్తో నింపేవారు సురక్షిత ఐమ్యాప్‌కు 993, సురక్షిత పాప్‌కు 995 పోర్టులు ఇచ్చారో లేదో చూసుకోవాలి.

యాప్ తెరిచినప్పుడు మాత్రమే మెయిళ్లు గుంపుగా వచ్చిపడుతుంటే అది లోపం కాదు, బ్యాటరీ పొదుపు. 2015 నాటి ఆండ్రాయిడ్ 6 నుంచి కదలకుండా పడి ఉన్న ఫోన్ యాప్‌లను నిద్రపుచ్చుతోంది. దానిపై కొందరు తయారీదారులు తమ కట్టడిని కూడా జోడించారు. మెయిల్ యాప్‌ను ఆ కట్టడి నుంచి, డేటా సేవర్ నుంచి మినహాయిస్తే సరిపోతుంది. ఐఫోన్‌లో లో పవర్ మోడ్ ఉన్నంతసేపూ మెయిల్ తనంతట తాను దిగదు. రైల్వే స్టేషన్ల ఉచిత వైఫైలో ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా బయటి దారి మూసే ఉంటుంది. ఆ సంగతి మెయిల్ యాప్ చెప్పలేదు, బ్రౌజర్ తెరిస్తేనే తెలుస్తుంది.

ఇన్ని దారులు ఉండగా ఖాతాను ఫోన్ నుంచి తొలగించి మళ్లీ చేర్చడం అన్నిటికంటే చివర చేయవలసిన పని. ఐమ్యాప్ ఖాతా అయితే సందేశాలు సర్వర్ నుంచి తిరిగి వస్తాయి. పాప్ ఖాతా అయి, సర్వర్‌లో ప్రతి మిగలకపోతే, తొలగించిన క్షణాన ఫోన్‌లోని పాత ఉత్తరాలన్నీ పోతాయి, వాటిని తిరిగి ఇవ్వగల సర్వర్ ఉండదు.